మీటర్‌లో దీపాలన్నీ వెలిగితే రాడార్ పోయినట్టు కాదు

వారంటీ అయిపోయిన కారులో అడాస్ (కెమెరా, రాడార్‌లతో రోడ్డును చూసి డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) మొరాయిస్తే సర్వీస్ సెంటర్‌లో ముందుగా వినపడే మాట "రాడార్ మార్చాలి సార్". అది కాకపోతే "కెమెరా మాడ్యూల్ పోయింది". మాడ్యూల్ అంటే ఒక్కో వ్యవస్థను నడిపే చిన్న కంప్యూటర్. వారంటీ ఉన్నన్నాళ్లు ఆ మాటతో మనకు పేచీ లేదు. ఒకటి మార్చి చూస్తారు, కుదరకపోతే ఇంకోటి మారుస్తారు, ఖర్చు కంపెనీది. వారంటీ దాటాక అదే ప్రయోగం మన జేబుతో జరుగుతుంది. ఎలక్ట్రానిక్ భాగం ఒకసారి పెట్టె విప్పి బిగించారంటే వెనక్కి తీసుకోరు కూడా.

మన దేశంలో ఈ సమస్య ఇప్పుడే మొదలవుతోంది. 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700, ఎంజీ ఆస్టర్, 2022లో హోండా సిటీ హైబ్రిడ్, 2023లో హ్యారియర్, వెర్నా, సెల్టోస్ అడాస్‌తో వచ్చాయి. వీటిలో మొదట అమ్ముడైన వాటికి మూడేళ్ల వారంటీ చెల్లిపోయింది, మిగతావి వరసలో ఉన్నాయి. బయటి మెకానిక్కుల్లో చాలామంది ఇంకా ఈ పనిలో చేయి పెట్టడం లేదు. దాంతో కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పిందే వేదం అవుతోంది.

నా వాదన ఒకటే. భాగానికి డబ్బు కట్టేముందు లోపం ఎక్కడుందో తేల్చడానికి కట్టండి. రెండు మూడు గంటల లేబర్ ఛార్జీ ఇచ్చి అయినా సరే, కారు కంప్యూటర్లు రాసుకున్న లోపాల కోడ్లు చదివించి, కొలతలు తీయించి, కాగితం మీద రాయించుకోండి. ఎందుకంటే ఈ వ్యవస్థలో దీపం వెలిగే చోటొకటి, లోపం ఉండే చోటొకటి.

అడాస్ సొంతంగా చేసే పని చాలా తక్కువ. కెమెరా, రాడార్ చూస్తాయి, అంతే. బ్రేకు వెయ్యాల్సింది చక్రాలు బిగుసుకోకుండా, కారు జారకుండా చూసే ఏబీఎస్-ఈఎస్‌సీ యూనిట్. స్టీరింగ్ తిప్పాల్సింది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటార్. వేగం తగ్గించాల్సింది ఇంజిన్ కంప్యూటర్. కారు ఎటు తిరుగుతోందో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్, యా రేట్ సెన్సర్ చెప్పాలి. ఎంత వేగంతో పోతోందో నాలుగు చక్రాల దగ్గరున్న వీల్ స్పీడ్ సెన్సర్లు చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి పొంతన లేని లెక్క పంపినా అడాస్ పక్కకు తప్పుకుని దీపం వెలిగిస్తుంది. దాన్ని అలా తయారు చేసిందే అందుకు. తప్పుకున్నదాన్ని పట్టుకుని మార్చేస్తే తప్పు లెక్క పంపినది అక్కడే ఉంటుంది, కొత్త రాడార్ కూడా అదే దీపం వెలిగిస్తుంది.

కోడ్లు చదవడం

ఒక మామూలు సందర్భం తీసుకుందాం. హైవే మీద పోతుండగా ఏబీఎస్, ఈఎస్‌సీ, హిల్ హోల్డ్, ఆటో బ్రేకింగ్, ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చే అడాప్టివ్ క్రూయిజ్, లేన్ దాటకుండా చూసే లేన్ కీప్ దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఆరు వ్యవస్థలు ఒకేసారి చెడిపోవు. ఫుల్ సిస్టమ్ స్కాన్ చేస్తే రిపోర్ట్ ఇలా ఉంటుంది: ఏబీఎస్ మాడ్యూల్‌లో కుడి వెనక చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్ కోడ్. కెమెరాలో యూ0415, అంటే ఏబీఎస్ నుంచి వచ్చిన డేటా చెల్లదు. రాడార్‌లో కూడా యూ0415. కెమెరా, రాడార్ రెండూ ఏబీఎస్ వైపు వేలు చూపిస్తున్నాయి, ఏబీఎస్ ఒక చక్రం వైపు చూపిస్తోంది. ఇక్కడ కావాల్సింది ఒక చిన్న సెన్సరో, దాని వైరో.

కోడ్ మొదటి అక్షరం చాలా సంగతి చెబుతుంది. 'సీ' అంటే బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ వైపు. 'బీ' బాడీ వైపు. 'పీ' ఇంజిన్, గేర్‌బాక్స్. 'యూ' అంటే మాడ్యూళ్ల మధ్య మాటలు తెగిపోయాయనో, వచ్చిన సమాచారం నమ్మేలా లేదనో. యూ0121 అంటే ఏబీఎస్ పలకడం లేదు. యూ0235 అంటే ముందు దూరం కొలిచే సెన్సర్, అంటే రాడార్, పలకడం లేదు. యూ0428 అంటే స్టీరింగ్ యాంగిల్ లెక్క నమ్మశక్యంగా లేదు. యూ కోడ్ ఒక్కటే చూసి ఏ భాగమూ మార్చకూడదు. యూ0235 వచ్చినా ముందు చూడాల్సింది రాడార్‌కు కరెంటు, ఎర్త్, కనెక్టర్. అవి మూడూ సరిగా ఉండి కూడా రాడార్ పలక్కపోతేనే దాన్ని అనుమానించాలి.

ఆన్‌లైన్‌లో దొరికే ఫోన్‌తో కోడ్లు చదివే చవక ఈఎల్ఎం327 బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్లతో ఆగిపోతాయి. మంచి అడాప్టర్, మీ కారు ప్రొఫైల్ ఉన్న యాప్ దొరికితే ఏబీఎస్ దాకా వెళ్లొచ్చు. కెమెరా, రాడార్ లోపలికి వెళ్లాలంటే లాంచ్, ఆటెల్ లాంటి వర్క్‌షాప్ స్కానరో, కంపెనీ సొంత స్కానరో కావాలి. స్కానర్ ఉన్న బయటి గ్యారేజీలు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్నాయి. కారు తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి ఒక్కటి అడగండి: "అడాస్ కెమెరా మాడ్యూల్‌లో కోడ్లు, లైవ్ డేటా చూపిస్తుందా?" స్కానర్ ఉందని చెప్పడం వేరు, అది మీ మోడల్ కెమెరాతో మాట్లాడడం వేరు.

స్కాన్ పెట్టగానే కోడ్లు చెరిపేయనివ్వకండి. ముందు ప్రతి పేజీ ఫొటో తీయండి. కోడ్ ఇప్పుడూ ఉందా, పాతదా, అది పడినప్పుడు వేగమెంత, వోల్టేజీ ఎంత, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అనేవన్నీ ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి. వాటిని ఫొటో తీశాక చెరిపి, ఓ పది కిలోమీటర్లు నడిపి, ఏ కోడ్ ముందుగా తిరిగొచ్చిందో చూడాలి. ముందొచ్చిందే అసలు దొంగ. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి "రీసెట్" చేసే అలవాటు కొందరు మెకానిక్కులకు ఉంది. దానివల్ల అడాస్ బాగుపడదు. కొన్ని కార్లలో పవర్ విండోలకూ, స్టీరింగ్ యాంగిల్‌కూ మళ్లీ సెట్టింగ్ చెయ్యాల్సి వస్తుంది.

కింది నుంచి పైకి

బ్యాటరీతో మొదలుపెట్టండి. కారు రాత్రంతా ఆగి ఉన్నాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ ముసలిదైనట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ నడిపిస్తుంది కాబట్టి ఇది కాసేపు 12.8కి దిగి మళ్లీ పైకి పోతుంది, దాన్ని చూసి ఆల్టర్నేటర్ పోయిందనుకోవద్దు. ఇంజిన్ ఆన్ చేసిన మొదటి నిమిషంలోనే అడాస్ దీపాలు వెలిగి, కాసేపు నడిపాక వాటంతటవే పోతుంటే అనుమానం సగానికి పైగా బ్యాటరీ మీదే పెట్టాలి. నాలుగేళ్ల బ్యాటరీ ఇంజిన్‌ను తిప్పగలదు గాని, తిప్పే ఆ సెకనులో వోల్టేజీ పడిపోతే మాడ్యూళ్లు తడబడి కోడ్ రాసుకుంటాయి.

స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ కావడం) ఉన్న కారులో వచ్చింది దానికి తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ. మార్చేటప్పుడు తక్కువకు వస్తుందని మామూలు బ్యాటరీ వేయిస్తే ఏడాది తిరక్కుండా ఇదే కథ మొదలవుతుంది. నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న బ్యాటరీ సెన్సర్ ఉంటే, జంప్ స్టార్ట్ చేసేటప్పుడు నెగెటివ్ క్లిప్పు ఆ టెర్మినల్‌కు కాకుండా బాడీ ఎర్త్‌కు పెట్టాలి.

తర్వాత టైర్లు. ఒకే యాక్సిల్ మీద ఒకటి కొత్తది, ఒకటి అరిగిపోయింది ఉంటే రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. సైజు మార్చి పెద్ద అల్లాయ్‌లు వేయించినా లెక్క తప్పుతుంది. తయారీదారు చెప్పిన సైజు, నాలుగు చోట్లా డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసిన గాలి ఉండాలి. ఇది సరిచేయకుండా పైన చేసే ఏ క్యాలిబ్రేషనూ (కెమెరా, రాడార్‌లను మళ్లీ గురి పెట్టడం) నిలవదు.

వీల్ స్పీడ్ సెన్సర్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అడాస్ పేరుతో వచ్చే బిల్లుల్లో నిజమైన దోషి చాలాసార్లు ఇక్కడే దొరుకుతాడు. ఇప్పటి కార్లలో ఇవి రెండు వైర్ల యాక్టివ్ సెన్సర్లు. పాతవాటిలాగా ఓమ్ మీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూసి బాగుందో లేదో చెప్పలేం. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి, నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కన పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద తిన్నగా 20 కిలోమీటర్ల వేగంతో నడపాలి. డ్రైవర్ ఒకరు, స్కానర్ చూసేవారు ఇంకొకరు. మూడు చక్రాలు 20 అంటుంటే నాలుగోది 17కీ 20కీ మధ్య ఎగిరిపడుతుంటేనో, తక్కువ వేగంలో ముందే సున్నా అయిపోతుంటేనో ఆ చక్రం విప్పాలి.

విప్పాక సెన్సర్ కొన మీద ఇనప రజను పేరుకుందా, వైరు సస్పెన్షన్‌కు ఒరుసుకుందా, కనెక్టర్‌లోకి నీళ్లు పోయాయా చూడాలి. బేరింగ్ ఈమధ్యే మార్పించి ఉంటే అనుమానం నేరుగా అక్కడికే పోవాలి. ఇప్పటి వీల్ బేరింగ్‌లో ఒక వైపు సీల్‌లోనే అయస్కాంత వలయం ఉంటుంది. సెన్సర్ చదివేది దాన్నే. బేరింగ్ తిరగేసి బిగిస్తే కారు హాయిగా నడుస్తుంది, చప్పుడు కూడా రాదు, సెన్సర్‌కు మాత్రం ఏమీ కనపడదు. బిగించే ముందు రెండు వైపులా ఒక జెమ్ క్లిప్పు ఆనించి చూస్తే అది అంటుకునే వైపే సెన్సర్ వైపు. అయస్కాంతం ఉన్న ట్రేలో బేరింగ్ పెట్టినా, సుత్తితో ఆ వలయం మీద కొట్టినా కొత్త బేరింగ్ బిగించేలోపే పాడైపోతుంది. కొత్త సెన్సర్ వేసినా కోడ్ పోలేదంటే ఇది చూడమని అడగండి.

ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారాల తరబడి ఆగిన కారుకు బానెట్ కింద, వెనక బంపర్ లోపల వైర్లు కొరికిన గుర్తులు చూడకుండా రాడార్ ఆర్డర్ పెట్టించకండి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అనే సామెత ఈ పనిలో అక్షరాలా నిజమవుతుంది.

వెనక బంపర్ మూలల్లో, తొడుగు లోపల, అద్దాల్లో కనపడని వాహనాల్ని పసిగట్టే బ్లైండ్ స్పాట్ రాడార్లు ఉంటాయి. టైరు చిమ్మే బురద నేరుగా పోయే చోటు అది. వానాకాలం తర్వాత బ్లైండ్ స్పాట్ దీపం వెలిగితే ముందు ఆ కనెక్టర్ ఊడదీసి చూడాలి. పిన్నుల మీద పచ్చగా చిలుము కనపడితే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, రబ్బరు సీలు చినిగిందేమో చూసి బిగించాలి. వైరు తెగి ఉంటే అతికే పద్ధతి ఉంది. ఒకదాని చుట్టూ ఒకటి మెలేసి ఉన్న జంట వైర్లు క్యాన్ వైర్లు, మాడ్యూళ్లు మాట్లాడుకునేది వాటి మీదే. వాటి మెలిక ఎక్కువ దూరం విప్పకూడదు, రెండు అతుకులూ పక్కపక్కన పడకుండా కొంచెం ఎడంగా వెయ్యాలి, టంకం లేదా క్రింపు చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. చేత్తో మెలేసి నల్ల టేపు చుడితే మళ్లీ వానాకాలానికి అక్కడికే వస్తారు.

స్టీరింగ్ యాంగిల్ సంగతి అలైన్‌మెంట్‌తో ముడిపడి ఉంది. రోడ్డు మీద తిన్నగా పోతున్నప్పుడు స్కానర్‌లో స్టీరింగ్ కోణం సున్నాకు దగ్గరగా ఉండాలి. ఐదారు డిగ్రీలు తేడా చూపిస్తుంటే కారు తిన్నగా పోతున్నా "డ్రైవర్ పక్కకు తిప్పుతున్నాడు" అని కంప్యూటర్ అనుకుంటుంది. అలైన్‌మెంట్ చేసి స్టీరింగ్ మధ్యకు తెచ్చాక స్కానర్‌తో సున్నా పాయింట్ పెట్టాలి. టైరు షాపుల్లో అలైన్‌మెంట్ చేసి ఈ రెండో పని వదిలేయడం మామూలు. అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే లేన్ కీప్ తిక్కగా ప్రవర్తిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

అడాప్టివ్ క్రూయిజ్ ఒక్కటే పనిచేయకుండా మిగతావన్నీ బాగుంటే బ్రేకు పెడల్ దగ్గరున్న స్విచ్ చూడండి. చవక భాగం. పెడల్ మీద కాలు పెట్టకుండానే అది "బ్రేకు నొక్కారు" అని చెబుతుంటే క్రూయిజ్ ఎక్కదు. స్టీరింగ్ మీది క్రూయిజ్ బటన్లు, హారన్ కలిసి పోతే, పైగా ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలిగితే, స్టీరింగ్ చక్రం వెనకుండే క్లాక్ స్ప్రింగ్ తెగి ఉంటుంది. అది మార్చాలంటే ఎయిర్‌బ్యాగ్ విప్పాలి. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదు.

అసలు లోపమే లేని లోపాలు

మీటర్‌లో వచ్చే మాట జాగ్రత్తగా చదవండి. "తాత్కాలికంగా అందుబాటులో లేదు", "సెన్సర్‌కు అడ్డు ఉంది" అనేవి ఒక రకం. "సిస్టమ్ చెక్ చేయించండి" అనేది ఇంకో రకం. మొదటి రకానికి సర్వీస్ సెంటర్ అక్కర్లేదు.

మే నెలలో రామగుండంలోనో ఖమ్మంలోనో మధ్యాహ్నమంతా ఎండలో నిలిపిన కారులో అద్దం వెనకున్న కెమెరా కాలిపోయేంత వేడెక్కుతుంది. అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఏసీ గాలి కాసేపు అద్దం వైపు మళ్లిస్తే తిరిగొస్తుంది. కెమెరా తొడుగు లోపల, అద్దం లోపలి వైపు, ప్లాస్టిక్ ఆవిరి పొరలా పేరుకుంటుంది. బయట ఎంత తుడిచినా అది పోదు. ఎదురెండలో మాత్రమే కెమెరా తప్పుకుంటుంటే ఆ తొడుగు విప్పించి లోపలి నుంచి శుభ్రం చేయించాలి. లెన్స్‌ను మాత్రం ముట్టుకోకూడదు.

ఇక మన సొంత అలవాట్లు. ఫాస్టాగ్‌ను వెనక చూపు అద్దం వెనక మధ్యలో అంటించడం ఆనవాయితీ. కెమెరా ఉండేది సరిగ్గా అక్కడే. కెమెరా చూపుకు అడ్డం రాకుండా పక్కకు జరపాలి. డ్యాష్‌క్యామ్‌దీ అదే గొడవ. డ్యాష్‌బోర్డు మీది మెరిసే దేవుడి బొమ్మ, తెల్లటి మ్యాటు, ఫోన్ స్టాండు అద్దంలో ప్రతిబింబించి కెమెరాకు లేని వస్తువుల్ని చూపిస్తాయి.  కెమెరా ముందు అద్దానికి ఫిల్మ్ వేయిస్తే లేన్ గుర్తింపు పోతుంది.

దసరాకు బండి పూజ చేయించినప్పుడు ముందు గ్రిల్‌కు బంతిపూల దండ కట్టి, లోగో మీద పసుపు, కుంకుమ, గంధం పెడతాం. కొన్ని కార్లలో రాడార్ ఆ లోగో వెనకే ఉంటుంది, కొన్నింటిలో బంపర్ కింది గ్రిల్‌లో నున్నటి నల్ల పలక వెనక ఉంటుంది. తడి గంధం, తడి పూలు రాడార్ తరంగాల్ని మింగేస్తాయి. పూజ అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు దండ తీసి, ఆ పలకను తడి గుడ్డతో తుడిస్తే చాలు. బొట్టు బానెట్ మీద పెట్టుకోవచ్చు, అమ్మవారేమీ అనుకోదు. బంపర్ ముందు బిగించే ఇనప క్రాష్ గార్డుల్ని మాత్రం వదిలిపెట్టి మాట్లాడలేను. అవి 2017 డిసెంబర్‌లోనే రవాణా శాఖ వద్దన్నవి, రాడార్‌కు గోడలాంటివి కూడా.

రాడార్ అడ్డు సందేశం ఖాళీ రోడ్డు మీద కూడా వస్తుంది. ముందు వాహనం, పక్కన రెయిలింగు ఏదీ లేకుండా చాలాసేపు పోతే తిరిగొచ్చే ప్రతిధ్వని లేక రాడార్ తనకేదో అడ్డొచ్చిందనుకుంటుంది. ట్రాఫిక్‌లోకి రాగానే సర్దుకుంటుంది.

దీపం వెలగని లోపం

నన్ను ఎక్కువ భయపెట్టేది వెలిగిన దీపం కాదు. దీపం వెలిగితే వ్యవస్థ తప్పుకుంది, మీకు తెలుసు, మీరే నడుపుకుంటారు. గురి తప్పి కూడా తాను బాగానే ఉన్నాననుకునే కెమెరా, రాడార్ అంతకంటే ప్రమాదం.

లెక్క చూడండి. రాడార్ గురి పక్కకు ఒక్క డిగ్రీ తప్పితే 100 మీటర్ల దూరంలో అది 1.75 మీటర్ల తేడా. మన హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేన్ పక్కకు చూస్తోంది. పక్క లేన్‌లోని లారీని మీ ముందున్నట్టు లెక్కేసి బ్రేకు వేయొచ్చు, మీ ముందున్న బైకును లెక్కలోకి తీసుకోకపోవచ్చు. పార్కింగ్‌లో ఎవరో మెల్లగా తగిలి బంపర్ లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చేసినా, లోపల రాడార్ పట్టీ వంగి ఉండొచ్చు. పైకి గీత కూడా కనపడదు. కొద్దిపాటి తేడాను కొన్ని రాడార్లు నడుస్తూనే సర్దుకుంటాయి, పరిమితి దాటితేనే కోడ్ వేస్తాయి.

అందుకే క్యాలిబ్రేషన్‌ను డబ్బు గుంజే పథకంగా కొట్టిపారేయకండి. ముందు అద్దం మార్చినా, కెమెరా ఊడదీసి పెట్టినా, ముందు బంపర్ విప్పినా, సస్పెన్షన్ ఎత్తు మారినా, అలైన్‌మెంట్‌లో వెనక చక్రాల కోణం మారినా అది అవసరం. హోండా సిటీలా రాడార్ లేకుండా ఒక్క కెమెరా మీదే నడిచే కార్లలో అద్దం మార్చడం అంటే మొత్తం వ్యవస్థను మళ్లీ గురి పెట్టడమే.

అద్దం సంగతి. కెమెరా పట్టీ అతికించి, కెమెరా ముందు మచ్చ లేని కిటికీ వదిలిన అద్దం మీ వేరియంట్‌కు తగ్గదై ఉండాలి. చూడ్డానికి ఒకేలా ఉండే చవక అద్దంలో ఆ పట్టీ కాస్త అటూ ఇటూ అయినా, ఆ చోట గాజు వంపు తేడా ఉన్నా క్యాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా ఫెయిల్ అవుతుంది. జిగురు ఆరే సమయం ఎంతో బిగించిన వాళ్లనే అడిగి, అది ఆరాకే క్యాలిబ్రేషన్ చేయించాలి.

రెండు పద్ధతులున్నాయి. స్టాటిక్ అంటే షెడ్డులో సమతలమైన నేల మీద, కారు ముందు కొలిచిన దూరంలో, కొలిచిన ఎత్తులో గుర్తుల బోర్డు పెట్టి చేసేది. టైర్లలో సరైన గాలి, డిక్కీ ఖాళీ, లోపల మనుషులు లేకుండా, తలుపులు వేసి, బ్యాటరీకి సపోర్ట్ ఛార్జర్ పెట్టి చేయాలి. డిక్కీలో సిమెంటు బస్తా బరువుంటే కారు ముక్కు పైకి లేస్తుంది, కెమెరా ఆ ఎత్తునే సరైనదనుకుంటుంది. డైనమిక్ అంటే స్కానర్ పెట్టుకుని గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద మాన్యువల్ చెప్పిన వేగంతో నిలకడగా నడపడం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దీనికి సరిపోతుంది. గీతలు చెరిగిపోయిన సర్వీస్ రోడ్డు మీద గంట తిప్పినా పూర్తికాదు. మీ మోడల్‌కు ఏది కావాలో, రెండూ కావాలో ముందే అడగండి. చేశాక "కంప్లీటెడ్" అని ఉన్న స్కానర్ ప్రింటు తీసుకోండి, నోటి మాట వద్దు.

వరస ముఖ్యం: టైర్లు, గాలి, సస్పెన్షన్ రిపేర్లు, అలైన్‌మెంట్, స్టీరింగ్ సున్నా పాయింట్, చివరగా కెమెరా, రాడార్. ఈ వరస తిరగేస్తే చివరిది రెండోసారి చేయించుకోవాలి.

వెనక బంపర్‌కు గీతలు పడి పెయింట్ వేయించేవారికి ఒక మాట. మూలల్లో రాడార్ ముందు పుట్టీ దట్టంగా పూసి, దాని మీద మెటాలిక్ పెయింట్ రెండు మూడు పొరలు ఎక్కిస్తే తరంగం బయటికి పోదు. ఆ మూలలో పగులు ఉంటే పుట్టీ కంటే బంపర్ మార్చడమే నయం.

డబ్బు ఎక్కడ దొరుకుతుంది

దానంతటదే పాడైన సెన్సర్‌కు బీమా రాదు. ఎలక్ట్రికల్, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో మినహాయింపు. గుద్దుకోవడం వల్ల, రాయి తగలడం వల్ల పాడైతే మాత్రం వస్తుంది. గాజు భాగాలకు తరుగుదల సున్నా, జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేకపోయినా. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత. కాబట్టి అద్దం క్లెయిమ్‌లో క్యాలిబ్రేషన్ ఛార్జీని మొదటి ఎస్టిమేట్‌లోనే విడి లైనుగా రాయించండి. పని అయ్యాక అడిగితే సర్వేయర్ ఒప్పుకోవడం కష్టం.

రీకాల్‌కూ వారంటీకీ సంబంధం లేదు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనలు ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. మీ కారు 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెప్పి, రీకాల్ గానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గానీ పెండింగ్ ఉందేమో రాతపూర్వకంగా అడగండి. వారంటీ దాటి కొద్ది నెలలే అయితే, సర్వీసులన్నీ కంపెనీ దగ్గరే చేయించి ఉంటే, గుడ్‌విల్ కింద భాగం ఖరీదులో వాటా భరించమని ఈమెయిల్ పెట్టండి. కౌంటర్ దగ్గర అడిగితే "మా చేతిలో లేదు" అంటారు, నిజంగానే వాళ్ల చేతిలో ఉండదు. వారంటీ ఉండగా మొదలైన లోపమైతే అప్పటి జాబ్ కార్డు బంగారం. వాళ్లు పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు.

పాత కార్ల నుంచి తీసిన రాడార్ సగం ధరకు దొరుకుతుంది గాని, నేను కొనను. పార్ట్ నంబరు చివరి అక్షరాలు కలవాలి, స్కానర్‌తో మీ వేరియంట్‌కు తగ్గట్టు కోడింగ్ చెయ్యాలి, చాలా కంపెనీలవి పాత కారు ఛాసిస్ నంబరుకు ముడిపడి ఉంటాయి. గుద్దుకున్న కారులోంచి వచ్చిన రాడార్ లోపల ఏం జరిగిందో బయటికి తెలియదు.

బాగు చేయించకూడదనుకుంటే

"మన రోడ్లకు ఇదంతా అవసరమా, పీకి పారేయండి" అనే సలహా తరచూ వినపడుతుంది. సగం ఒప్పుకుంటాను. ఆటోలు, బైకులు ముందుకు దూరే చోట లేన్ కీప్ వల్ల లాభం తక్కువ. ట్రాఫిక్ గుర్తులు చదవడం, హై బీమ్ దానంతటదే మారడం లేకపోతే ఎవరికీ నష్టం లేదు. వెనక బ్లైండ్ స్పాట్ రాడార్ పోతే అద్దాలు చూసుకుని నడపొచ్చు. వీటిని వాయిదా వేయడంలో తప్పు లేదు. కానీ ఏబీఎస్, ఈఎస్‌సీ, పవర్ స్టీరింగ్ దీపాలు అడాస్ లెక్కలోకి రావు. వాటిని వాయిదా వేయకూడదు. ముందు ఆటో బ్రేకింగ్ క్యాలిబ్రేషన్‌తో బాగయ్యేదైతే నేను డబ్బు పెడతాను, కొత్త రాడార్ కావాలంటే ఆలోచిస్తాను.

పీకి పారేయడం మాత్రం వద్దు. రాడార్ కనెక్టర్ ఊడదీసి వదిలేస్తే అందులోకి నీళ్లు పోతాయి, మిగతా మాడ్యూళ్లు రోజూ యూ కోడ్లు వేస్తాయి, ఎప్పుడూ వెలుగుతూ ఉండే దీపాల మధ్య రేపు నిజంగా ఏబీఎస్ పోయినా మీరు గమనించరు. మెనూలోకి వెళ్లి ఆపండి. చాలా కార్లలో ఆటో బ్రేకింగ్ ప్రతి స్టార్ట్‌కూ తిరిగి ఆన్ అవుతుంది. గురి తప్పిందని తెలిసి దాన్ని అలా వదిలేయడం కుదరదు, రిపేరు చేయించాల్సిందే. ఇంట్లో ఆ కారు నడిపే మిగతావాళ్లకు కూడా ఏది పనిచేయడం లేదో చెప్పి పెట్టండి.

అడాస్ ఉన్న పాత కారు కొంటుంటే ముందు అద్దం మూలలో ఉండే కంపెనీ ముద్ర, తయారీ గుర్తులు పక్క అద్దాల వాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే అద్దం మార్చారు. అప్పటి క్యాలిబ్రేషన్ ప్రింటు అడగండి. అది లేకపోతే చేయించే ఖర్చు బేరంలో తగ్గించండి. స్టార్ట్ చేసినప్పుడు ఏబీఎస్, అడాస్ దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో దీపాన్నే తీసేశారన్నమాట. ఆ కారు వదిలేసి ఇంకోటి చూసుకోండి.